వెంటనే అనుమతి వచ్చింది, తనిఖీ ఎప్పుడు?

ప్రశ్న: 200 గజాల్లో ఇంటికి ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి వచ్చింది. తనిఖీకి ఎవరూ రాలేదు. పునాది తీయవచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి లభిస్తుంది. తనిఖీ ఆ తర్వాత, 21 రోజుల్లోగా జరుగుతుంది. ఇచ్చిన వివరాలు తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది. ప్లాన్‌కు విరుద్ధమైన కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చే వీలుంది.

అందుకే తనిఖీ ముగిశాకే పునాది తీయడం మేలు. ఈలోగా హద్దురాళ్లు కనిపించేలా శుభ్రం చేయించి, ప్లాన్ ప్రకారం ముగ్గు పోయించాలి. రిజిస్ట్రేషన్ పత్రం, ప్లాన్ ప్రతి స్థలంలో సిద్ధంగా ఉండాలి. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు టేపుతో సరిచూడాలి.

గడువు దాటినా ఎవరూ రాకపోతే, స్థలం చెరువు శిఖానికో నాలాకో దగ్గరగా ఉంటే, మున్సిపల్ టౌన్‌ప్లానింగ్ విభాగాన్ని నేరుగా సంప్రదించాలి. హద్దు తగాదా ఉంటే ముందుగా సర్వే చేయించాలి.