బిడ్డ మనసు కూడా పెరుగుతుంది



టీకాలకు వచ్చే తల్లులు బిడ్డ బరువు ఎంత, నడక ఎప్పుడు అని అడుగుతారు. మనుషులతో ఎట్లా ఉంటుందో అడిగేవారు తక్కువ. దానికీ గుర్తులున్నాయి.

సుమారు 2 నెలలకు మీ ముఖం చూసి నవ్వాలి. 8, 9 నెలలప్పుడు కొత్తవారిని చూసి ఏడుస్తుంది. చర్చిలో ఎవరు ఎత్తుకొన్నా ఏడుస్తున్నాడు, మొండివాడని అంటారు. మొండితనం కాదు, తనవాళ్ళెవరో తెలిసింది. బలవంతంగా చేతులు మార్చకండి. ఆ వయసుకే పేరు పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాదికి టాటా చెబుతుంది, వందనాలు పెడుతుంది.

ఏడాదిన్నరకు వేలు చూపడం గమనించండి. బిస్కెట్ కావాలని చూపడం ఒకటి. గోడమీది కోతిని చూపి, వెంటనే మీ ముఖంలోకి చూడడం వేరు. ‘నువ్వు కూడా చూడు’ అని అడుగుతోందన్నమాట. మాటలకంటే ముందు వచ్చేది ఇదే.

పత్తి ఏరే రోజుల్లో తల్లి చేనుకు పోతుంది, బిడ్డ నానమ్మ దగ్గర ఉంటుంది. ఏడిస్తే చేతికి ఫోను. ఫోను బిడ్డను నవ్విస్తుంది గాని తిరిగి పలకరించదు. 2 ఏళ్ళలోపు పిల్లలకు తెర వద్దనీ, 2 నుండి 4 ఏళ్ళవారికి రోజుకు గంట మించరాదనీ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చిక్కుడుకాయలు తుంచుతూ బిడ్డతో మాట్లాడండి, దోబూచులాడండి. భూపాలపల్లి గనుల్లో షిఫ్టు దిగి వచ్చే తండ్రులు కూడా పది నిమిషాలు ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి.

రెండేళ్ళ బిడ్డ నేలమీద పడి దొర్లితే కొట్టకండి. దెబ్బ తగలకుండా చూస్తూ పక్కన ఉండండి, శాంతించాక ఎత్తుకోండి. ‘సూది వేయిస్తా’ అని బెదిరించడం మాత్రం మానండి, మా సిస్టర్లను చూడగానే పిల్లలు కేకలు పెడుతున్నారు!

మహబూబాబాద్ తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడి, అంగన్‌వాడీలో తెలుగు వింటారు. కొత్తలో మౌనంగా ఉండడం సహజమే. ఇంటి భాష మానవద్దు. ఇంట్లో కూడా పలకకపోతే చూపించాలి.

పేరుకు తిరగకపోయినా, ఏడాదిన్నరకు వేలు చూపకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులో పోయినా ఆగవద్దు. వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యమే అని ఏడాది గడిపేస్తారు. నేర్చుకొనే వయసు అదే. ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం అంగన్‌వాడీకి వచ్చి ఉచితంగా చూస్తుంది. జనగామలోనైనా, మారుమూల తండాలోనైనా మీ అంగన్‌వాడీ టీచరును అడగండి.

మా దగ్గరకు వచ్చేటప్పుడు టీకాల కార్డుతో పాటు నానమ్మను కూడా తీసుకొని రండి. పగలంతా బిడ్డను చూసేది ఆమే గదా.