రాతకు ఫీజు కట్టకండి

‘మావాడు ఈఏపీసెట్‌కి చదువుతున్నాడు, వాడికి వ్యాసాలెందుకండీ?’ కొల్లూరు, దోనేపూడి వైపు నుంచి పిల్లల్ని తెనాలికో విజయవాడకో పంపిన తల్లిదండ్రులు తరచూ అడిగే మాట ఇది. 160 ప్రశ్నలు, 3 గంటలు, ఒక్క వాక్యమూ రాయక్కర్లేదు. నిజమే. కానీ రెండేళ్లు ఆప్షన్లే చూసిన పిల్లాడికి ఆ తర్వాత సెలవు చీటీ రాయాలన్నా పక్కవాడు కావాలి.

సివిల్స్ మెయిన్స్‌లో వ్యాసం పేపరుకు 250 మార్కులు. 3 గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కోటి వెయ్యి పదాలకు పైనే రాయాలి. తెలుగు పేపరు 300 మార్కులకు. అందులో 25 శాతం రాకపోతే మిగతా పేపర్ల మార్కులు లెక్కలోకే రావు. బ్యాంకు పీఓ మెయిన్స్‌లోనూ డిస్క్రిప్టివ్ పరీక్ష ఉంటుంది.

ఈ సంగతి డిగ్రీ మూడో ఏట తెలుస్తుంది. అప్పుడు మొదలవుతుంది పరుగు. ‘రైటింగ్ స్కిల్స్’ బోర్డు కనిపిస్తే చాలు, వేలకు వేలు కడతారు. చాలాచోట్ల చేతికిచ్చేది వ్యాసాల కట్ట. బట్టీ పట్టమంటారు. ఒకే కట్ట వందమంది పట్టాక దిద్దేవాళ్లకు రెండో పేరాకే తెలిసిపోదూ? అక్కడ చేరేముందు ఒక్కటే అడగండి: నా పేపరు వారానికి ఎన్నిసార్లు దిద్దుతారు? జవాబు నసిగితే డబ్బు జేబులోనే ఉంచుకోండి. మూడో తరగతి పిల్లల్ని సెలవుల్లో చేతిరాత క్లాసులో కూర్చోబెట్టే వాళ్లను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. అక్షరం గుండ్రంగా వచ్చినంత మాత్రాన ఆలోచన వరసలో రాదు. ఆ పిల్లల్ని ఆడుకోనివ్వండి.

రోజూ అరగంట, ఒక నోటుబుక్కు చాలు. పేపర్లో సంపాదకీయం చదివి మూడో వంతుకు కుదించండి. సివిల్స్ భాషా పేపర్లో అడిగేదీ ఇదే. సొంత అభిప్రాయం చేర్చకూడదు, అసలు విషయం జారకూడదు. మొదటి వారం విసుగొస్తుంది, రానివ్వండి.

నాకు బాగా ఇష్టమైన అభ్యాసం మాత్రం ఇంటి పని మీద రాయించడం. పసుపు తవ్విన దగ్గర్నుంచి ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి దుగ్గిరాల యార్డుకు చేర్చేదాకా, పొలం మొహం చూడని హైదరాబాదు బంధువుకు అర్థమయ్యేలా ఒక పేజీ రాయమనండి. సగంలో ఆగిపోతారు. ఎంతసేపు ఉడకాలి? ఎన్నాళ్లు ఆరాలి? నాన్నను అడగాల్సిందే. తెలియనిచోటే వాక్యం కుంటుతుందని ఆ పేజీయే చూపిస్తుంది.

తర్వాత అర్జీ. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వచ్చినప్పుడు లంకల్లో పంటలు మునిగాయి. పంట పోయిన రైతు తరఫున తహసీల్దారుకు అర్జీ రాయండి: సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, నీళ్లొచ్చిన తేదీ, కోరేదేమిటి. ‘తమరి దివ్య సముఖమునకు’ లాంటివి కొట్టేసి సగానికి తగ్గించండి. ఆఫీసు ఉద్యోగంలో రోజూ చేయాల్సింది ఈ పనే.

ఇంకొకటి బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో చేసింది. నచ్చిన వ్యాసంలోని ముఖ్యాంశాలు గుర్తుగా రాసుకుని, కొన్నాళ్లాగి, దాన్ని మళ్లీ తన మాటల్లో రాసి మూలంతో పోల్చుకునేవాడు. మనకు పాత చందమామ కథ చాలు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980 దాకా చూసుకున్న పత్రిక అది. పొడి వాక్యం ఎంత పని చేస్తుందో అక్కడ తెలుస్తుంది. రాసింది అమ్మకు పైకి చదివి వినిపించండి. ఆమె ‘ఏంటీ?’ అన్నచోట గీత పెట్టుకుని మళ్లీ రాయండి.

‘మాది తెలుగు మీడియం, మాకేం వస్తుంది’ అనేవాళ్లకు శారద పేరు చెబుతాను. అసలు పేరు నటరాజన్. తమిళుడు. చిన్నతనంలోనే తెనాలి వచ్చి, హోటళ్లలో సర్వరుగా బతుకుతూ, తెలుగు నేర్చుకుని ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ నవలలు రాశాడు. అలాగని రాస్తే కూడు పుడుతుందని నేననను. ఆయన 1955లో పేదరికంలోనే పోయాడు. అందుకే రాతనే నమ్ముకుని చదువు మానొద్దు. ఏ డిగ్రీ చేస్తున్నా దానితో పాటు నడిపించండి. జర్నలిజం వైపు మనసుంటే డిగ్రీ చివరి ఏడాదిలో పత్రికల జర్నలిజం స్కూళ్ల ప్రకటనలు గమనించండి. వాటి ప్రవేశ పరీక్షల్లో అనువాదం ఉంటుంది. రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక పేరా తెలుగులోకి మార్చే అలవాటు ఇప్పుడే చేసుకుంటే అప్పుడు వేరే తయారీ పెద్దగా అక్కర్లేదు.