కడవెండి గడి

తెలంగాణ పల్లెల్లో దొరల నివాసాన్ని గడి అంటారు. ఎత్తైన ప్రహరీ, విశాలమైన సింహద్వారం, లోపల టేకు స్తంభాల భవంతి. పూరిగుడిసెల నడుమ అది చాలా దూరం నుంచే కనిపించేది. గడుల అందాన్ని వర్ణించేవారు వాటిని కట్టిన చేతులను తరచుగా మరచిపోతారు. సున్నం దంచినవారు, రాళ్లు మోసినవారు, దూలాలు లాగినవారు ఆ ఊరివారే. కూలి మాత్రం ఉండేది కాదు. ఈ చాకిరికే వెట్టి అని పేరు.

వెట్టి గడి నిర్మాణంతో ముగిసేది కాదు. చాకలివారు బట్టలుతకాలి, కుమ్మరులు కుండలివ్వాలి, బోయీలు దొర మేనాను మోయాలి, గొల్లకురుమలు పండుగకు గొర్రెపోతును తోలుకొని రావాలి. దొర ఇంటి పెండ్లి ఖర్చు సైతం ఊరి మీదనే పడేది. గడి ముందు నడిచే రైతు చెప్పులు చేతబట్టుకొనేవాడు.

నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డికి నలభై వేల ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ దేశముఖు తల్లి జానకమ్మ ఉన్నది కడవెండి గడిలో. ఆమె పేరు చెబితే ఊరు వణికేది. అటువంటి ఊళ్లలోకే ఆంధ్రమహాసభ 'సంఘం' పేరుతో ప్రవేశించింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలంపై దేశముఖు కన్నువేయగా, సంఘం కార్యకర్తలు అండగా నిలిచి పంటను ఆమె ఇంటికే చేర్చారు. ఈ పరాభవాన్ని గడి సహించలేకపోయింది. సంఘం వారిపై కేసులు, దాడులు మొదలయ్యాయి.

1946 జులై 4న కడవెండి ప్రజలు కర్రలు, వడిసెలలు చేతబట్టి ఊరేగింపుగా బయలుదేరారు. వారు గడి సమీపానికి రాగానే దొర గూండాలు తుపాకులు పేల్చారు. ముందు వరుసలో నడుస్తున్న దొడ్డి కొమరయ్య అనే కురుమ యువకుడు నేలకొరిగాడు. ఆయన అన్న మల్లయ్య గాయపడ్డాడు. జనం చెదరిపోతారని గడిలోనివారు తలచి ఉంటారు. తరతరాలుగా జరిగింది అదే కదా! ఆనాడు మాత్రం జనం వెనుదిరగలేదు, గడినే చుట్టుముట్టారు.

వార్త ఊరూరా పాకింది. వందలాది గ్రామాలలో వెట్టి ఆగిపోయింది. ఆ పోరు 1951 వరకు సాగింది. 2016లో ఏర్పడిన జనగామ జిల్లాలోని ఆ ఊరిలో కొమరయ్య స్మారక స్తూపం ఉంది.