బండ మీద కొట్టే తేదీ

గ్యాస్ సిలిండర్లు పరీక్షించే కేంద్రంలో పనిచేస్తూనే నా తల నెరిసింది. బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల నుంచి వచ్చే ఆక్సిజన్ సిలిండర్లు, ఇళ్ళల్లో వాడే గ్యాస్ బండలు, రెండూ చూశాను. ఈ పనికి మూలం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం. దాని కింద వచ్చిన గ్యాస్ సిలిండర్ల నిబంధనలు 1981లో ఒకసారి, 2004లో ఒకసారి, 2016లో మరోసారి కొత్తగా వచ్చాయి. నాగపూర్‌లో ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) అనుమతి లేనిదే ఎవరూ సిలిండర్ పరీక్షించి తేదీ కొట్టకూడదు. ఆ తేదీ చూసి బండను నమ్మేవాడు మనకెప్పుడూ కనబడడు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే నీలాంటి పిల్లలకు ఆ కనబడని మనిషి గుర్తుండాలనే ఇవి రాస్తున్నాను.

1. ముందు బండ మెడ చదువు.

వరుస నంబరు, ఖాళీ బరువు, లోపల పట్టే నీరు, పరీక్షా పీడనం, ఆఖరిసారి పరీక్షించిన తేదీ, పరీక్షించినవారి గుర్తు: సిలిండర్ జాతకమంతా దాని మెడ మీదే ఉంటుంది. ఆక్సిజన్, నైట్రోజన్ లాంటివాటికి 5 ఏళ్ళకోసారి పరీక్ష. క్లోరిన్ లాంటి, లోహాన్ని తినేసే వాయువులకు 2 ఏళ్ళకే. ఆటోల్లో, కార్లలో ఉండే సీఎన్‌జీ సిలిండర్లకు 3 ఏళ్ళకి. ఒకసారి ఒక సిలిండర్ మెడ మీద చెయ్యి పెడితే, నంబరు ఉన్న చోట మాత్రం ఉక్కు నున్నగా తగిలింది. ఆకురాయి పెట్టి పాత అంకెలు తీసేసి కొత్తవి కొట్టారు. ఎక్కడ పుట్టిందో, ఎంత పీడనానికి చేశారో తెలియని బండను పరీక్షా పంపు దగ్గరికి తీసుకెళ్ళడమే తప్పు. తెచ్చినవాడు చాలాసేపు వాదించాడు. పక్కన పెట్టించాను.

2. రంగు వదిలించాకే తూకం వెయ్యి.

ఖాళీ బరువు మొదట చెక్కిన దానికన్నా నూటికి 5 పాళ్ళు మించి తగ్గితే ఆ సిలిండర్ పనికిరాదని నిబంధన. 60 కిలోల ఆక్సిజన్ సిలిండర్ 3 కిలోలకు పైగా పోగొట్టుకుందంటే లోపల తుప్పు గోడను తినేసిందని అర్థం. అయితే ఏళ్ళ తరబడి పొర మీద పొరగా వేసిన రంగు, అడుగున పేరుకున్న మట్టి, లోపల నిలిచిన నీళ్ళు పోయిన బరువును కప్పిపెడతాయి. అందుకే ముందు పూర్తిగా ఖాళీ చేసి, రంగు గీకి, తుప్పు దులిపి, దీపం లోపలికి దించి చూడాలి. సుత్తితో మెల్లగా తట్టితే మంచి ఉక్కు ఖంగుమంటుంది. మొద్దుగా పలికితే అనుమానించు. కుర్రాళ్ళు ఈ పనంతా వదిలేసి నేరుగా పంపు దగ్గరికి పోవాలని చూస్తారు. నా అనుభవంలో పాడైన సిలిండర్లలో ఎక్కువ భాగం పంపు దాకా రాకుండా ఈ దీపం వెలుగులోనే దొరికిపోయాయి.

3. నీటితో పరీక్షించు, గాలితో ఎన్నడూ వద్దు.

ఎంత నొక్కినా నీరు దాదాపు కుంచించుకోదు. బండ పగిలినా నీరు కారిపోతుంది, అక్కడితో సరి. గాలి అలా కాదు, నొక్కిన కొద్దీ బలాన్ని లోపల దాచుకుని, పగిలిన క్షణంలో ఒక్కసారిగా బయటికి తోస్తుంది. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల పీడనంతో నింపే ఆక్సిజన్ సిలిండర్‌ను 250 దగ్గర పరీక్షిస్తామంటే ఆ తేడా ఎంతటిదో ఊహించుకో. సిలిండర్‌ను నీళ్ళున్న జాకెట్‌లో దించి, లోపలా నీరు నింపి, పంపు కొడతాం. ఉక్కు కొద్దిగా ఉబ్బుతుంది. అది ఉబ్బిన మేర జాకెట్‌లోని నీరు పక్కనున్న గాజు గొట్టంలోకి ఎక్కుతుంది. పీడనం దించగానే ఆ నీరు మళ్ళీ కిందికి రావాలి. రాకుండా గొట్టంలో ఎంత నిలిచిందో, ఉక్కు అంత శాశ్వతంగా సాగిపోయింది. నిబంధన ఒప్పుకునే హద్దు దాటితే ఆ సిలిండర్ కథ ముగిసినట్టే. వెంట్రుకవాసే కదా అని అంకెను కిందికి దించి రాసేవాళ్ళను చూశాను. ఆ గొట్టం ముందు నిలబడ్డప్పుడు కన్ను నీటిమట్టానికి సమానంగా ఉండాలి. పైనుంచి వంగి చూస్తే లెక్క తప్పుతుంది.

వంటగ్యాస్ బండకు 25 కిలోల దగ్గర నీటి పరీక్ష. ఆ తర్వాత వాల్వు బిగించి, తక్కువ పీడనంతో గాలి పెట్టి, నీళ్ళలో ముంచి బుడగలు చూస్తాం. అది లీకు కోసం చేసేది. బలం తేల్చేది నీటి పరీక్షే.

4. పరీక్షించిన నీళ్ళే బండకు శత్రువులు.

లోపల తడి మిగిలితే మర్నాటి నుంచే తుప్పు మొదలవుతుంది. బోర్లించి, వేడిగాలి పట్టించి, మళ్ళీ దీపం దించి చూడకుండా వాల్వు బిగించకు.

5. వెల్డింగ్ అన్నింటికీ మందు కాదు.

అతుకు లేకుండా సాగదీసి చేసిన సిలిండర్ ఒంటికి లీకు వస్తే దాన్ని బాగుచేసే ప్రయత్నమే కూడదు. వెల్డింగ్ చేసినా, టాంకం పెట్టినా నేరమే. వంటగ్యాస్ బండల సంగతి కొంత వేరు. కింది రింగు వంగితే, పైన చేతిపట్టు విరిగితే మార్చవచ్చు. మేం హాట్ రిపేర్ అంటాం. అదీ అనుమతి ఉన్న చోటే జరగాలి. ముందు లోపలి గ్యాస్ ఆనవాలు లేకుండా తీసేయాలి. వెల్డింగ్ అయ్యాక బండ మొత్తాన్ని కొలిమిలో పెట్టి కాల్చి నెమ్మదిగా చల్లార్చాలి. వెల్డింగ్ మంట తగిలిన చోట పక్కనున్న ఉక్కు గట్టిపడి పెళుసెక్కుతుంది. బిగువు లోపలే ఉండిపోతుంది. కొలిమి ఆ బిగువును వదిలిస్తుంది. ఆ తర్వాతే నీటి పరీక్ష. అగ్నిప్రమాదంలో చిక్కిన బండను కూడా ఇలా చూడకుండా తిరిగి వాడరాదు.

రోడ్డు పక్క వెల్డింగ్ షాపులో రింగు అతికించుకొచ్చిన బండలు నా దగ్గరికి వచ్చేవి. చూడ్డానికి అతుకు చక్కగానే ఉండేది. తెచ్చినవాళ్ళలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, డబ్బు మిగులుతుందనుకున్నవాళ్ళే. వాళ్ళకు ఓపిగ్గా చెప్పడం కూడా మన పనిలో భాగమే.

6. ఆక్సిజన్ వాల్వు దగ్గరికి నూనె చేతులతో వెళ్ళకు.

పీడనంలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె చుక్క చాలు, దానంతటదే అంటుకుంటుంది. వాల్వు బిగుసుకుపోయిందని గ్రీజు రాసే అలవాటు వేరే యంత్రాలకు పనికొస్తుందేమో, ఇక్కడ ప్రాణం తీస్తుంది. అసిటిలీన్ సంగతీ ఇక్కడే చెబుతాను. ముదురు ఎరుపు రంగు సిలిండర్ వస్తే దానికి నీటి పరీక్ష పెట్టకూడదు. దాని లోపల సన్నని రంధ్రాలున్న పదార్థం నిండుగా ఉంటుంది, అందులో అసిటోన్ ఉంటుంది. ఆ పదార్థం కుంగిందా, చీలిందా అని చూడడమే అక్కడ పరీక్ష.

7. చంపవలసిన బండను పూర్తిగా చంపు.

దీని దగ్గర నా మనసు ఇప్పటికీ కుదుటపడదు. పరీక్షలో తప్పిన సిలిండర్‌ను కండెమ్ చేయడమంటే, మెడ మీది గుర్తులు చెరిపేసి, బండను మొత్తంగా చదును చేయాలి, లేదా మళ్ళీ అతకడానికి వీల్లేకుండా ముక్కలు చేయాలి. ఏ నంబరు బండ ఎప్పుడు కండెమ్ అయిందో రిజిస్టర్‌లో రాసి ఉంచాలి. నేను పనిచేసిన ఒక చోట గ్యాస్ కట్టర్ ఖర్చు దండగని, వాల్వు విప్పి పక్కకు ఒక రంధ్రం చేసి పాత ఇనుము వ్యాపారికి అమ్మేవాళ్ళు. అడ్డుపడవలసిన స్థానంలో ఉండి నేను సంతకం పెట్టాను. రంధ్రం ఉంది కదా, ఇంకెవరు వాడతారని సరిపెట్టుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక జాతరలో బుడగలవాడి దగ్గర ఒక సిలిండర్ కనిపించింది. కొత్తగా నీలం రంగు వేశారు. ఒంటికి అరచేతి వెడల్పున రేకు అతుకు ఉంది. రంగు పెచ్చు లేచిన చోట మేం తప్పినవాటికి కొట్టే అడ్డగుర్తు కనబడుతోంది. అందులోనే కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు, నీళ్ళు వేసి హైడ్రోజన్ తయారుచేస్తున్నాడు. ఆ చర్యలో వేడి పుడుతుంది, పీడనం ఎంతకు ఎక్కుతుందో కొలిచే సాధనం లేదు. దాని చుట్టూ పిల్లలు. నేను వాళ్ళను దూరం జరిపి, గుడి కమిటీ వాళ్ళను, బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్‌ను పిలుచుకొచ్చి ఆ బండను అక్కణ్ణించి తీయించాను. ఆ ఒక్కటీ నా కంటబడింది. మిగతావి ఎక్కడెక్కడికి చేరాయో వెతికే దారి లేదు. ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం, కండెమ్ చేసిన ప్రతి సిలిండర్ రెండు ముక్కలయ్యేదాకా కట్టర్ పక్కనే నిలబడ్డాను. ఖర్చు గురించి మాట వచ్చినప్పుడల్లా రిజిస్టర్ మూసి పక్కన పెట్టి, కోసేవరకు సంతకం లేదని చెప్పాను. నీ ఉద్యోగంలో మరెన్ని విషయాల్లో సర్దుకున్నా ఇక్కడ మాత్రం సర్దుకోకు.

8. మీ ఇంటి బండ తేదీ కూడా చూడు.

మన ఇళ్ళకొచ్చే 14.2 కిలోల బండ పైన చేతిపట్టు కింద మూడు పట్టీలు నిలువుగా ఉంటాయి. వాటిలో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. ఎ-29 అని ఉంటే 2029 మార్చి ఆఖరులోగా దాన్ని మళ్ళీ పరీక్షించాలి. కొత్త బండకు మొదటి పరీక్ష 10 ఏళ్ళకు, ఆ తర్వాత 5 ఏళ్ళకోసారి. గడువు దాటిన బండ తెస్తే తీసుకోకు, మార్చి ఇమ్మని అడుగు. తెచ్చిన అబ్బాయి మీద కోప్పడి లాభం లేదు, ఏజెన్సీకి ఫోన్ చెయ్యి. వాల్వు లోపల చిన్న రబ్బరు రింగు ఉందో లేదో అతని ఎదుటే చూసుకో. వాసన వస్తే స్విచ్చులు ముట్టకు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేలమట్టంగా పాకుతుంది కనుక తలుపులు బార్లా తెరిచి, వీలైతే బండను ఆరుబయటికి చేర్చి, బయటినుంచే 1906కు ఫోన్ చెయ్యి.