గప్పీ రంగు ఎవరి వారసత్వం?

అక్వేరియం దుకాణంలో అందరి చూపూ ముందుగా పడేది మగ గప్పీ మీదే. వేలెడంత కూడా లేని ఆ చేపకు విసనకర్రలా విచ్చుకున్న తోక, దాని మీద ఎరుపు, నీలం, పాముచర్మం లాంటి గీతలు. పక్కనే బూడిద రంగులో తిరిగే ఆడచేపను ఎవరూ పట్టించుకోరు. దుకాణదారు కూడా మంచి మగచేపను ఏరి, దానికి తోడుగా ఏదో ఒక ఆడచేపను సంచిలో వేసి ‘జత’ అంటాడు. ఇంటిపట్టున నాలుగు రూపాయలు సంపాదించుకుందామని అలాంటి జతను ఖరీదు పెట్టి కొన్న కుటుంబాలు, ఆరు నెలల తర్వాత ఎవరూ కొనని పిల్లలతో మిగిలిపోవడం మేము చాలాసార్లు చూశాం. వారి శ్రద్ధలో లోపం లేదు. చిక్కంతా ఆ ఆడచేప దగ్గరే ఉంది.

గప్పీ పుట్టిల్లు ట్రినిడాడ్, వెనిజులా ప్రాంతపు వాగులు. 1866లో ట్రినిడాడ్ నుంచి బ్రిటిష్ మ్యూజియానికి నమూనాలు పంపిన రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ పేరే దీనికి నిలిచిపోయింది. రంగుల సంగతి తేల్చింది మాత్రం డెన్మార్క్ శాస్త్రవేత్తలు. మగచేప వీపు రెక్క మీది నల్లమచ్చ తండ్రి నుంచి కొడుకులకే వస్తోందని 1920లో యోహానెస్ ష్మిట్ చూపాడు. ఆ జన్యువు వై క్రోమోజోము మీద ఉందని ఆ తర్వాత ఓయివిండ్ వింగె వివరించాడు.

గప్పీకి 23 జతల క్రోమోజోములు. మనుషుల్లో లాగే ఆడదానికి రెండు ఎక్స్‌లు, మగదానికి ఒక ఎక్స్, ఒక వై. వై మీద ఉన్న రంగు ఇంటిపేరు లాంటిది, తండ్రి నుంచి కొడుక్కి నేరుగా దిగుతుంది. అయితే ప్రతి కొడుకూ తన ఎక్స్‌ను తల్లి నుంచే తెచ్చుకుంటాడు. ఆ ఎక్స్ మీదా రంగు జన్యువులుంటాయి. తల్లి ఒంటి మీద అవి చాలావరకు కనిపించవు. మగ హార్మోను ఉంటేనే బయటపడతాయి. అందుకే బూడిద రంగు ఆడచేపను చూసి దానిలో ఏముందో చెప్పలేం.

వెనక సగం నల్లగా ఉండే గప్పీనే తీసుకోండి. ఈ నలుపు జన్యువు కొన్ని వంశాల్లో వై మీద, కొన్నింటిలో ఎక్స్ మీద ఉంటుంది. ఎక్స్ మీద ఉన్న మగచేపను మామూలు ఆడచేపతో కలిపితే కొడుకుల్లో ఒక్కడికీ నలుపు రాదు. అది కూతుళ్ళకు వెళ్తుంది, వారి ద్వారా మనవళ్ళలో సుమారు సగం మందికి చేరుతుంది. మొదటి కాన్పు చూసి మోసపోయామని చేపలన్నీ అమ్మేసుకున్నవారు అసలు సొత్తును కూతుళ్ళ రూపంలో వదులుకున్నట్టే.

ఎర్రకళ్ళ ఆల్బినో లక్షణం ఎక్స్, వైలకు సంబంధించినది కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ అందితేనే కనిపిస్తుంది. ఆల్బినోను మామూలు చేపతో కలిపితే పిల్లలన్నీ సాధారణంగా మామూలుగానే ఉంటాయి. ఆ పిల్లల్లో అన్నాచెల్లెళ్ళను జతచేస్తే నలభైలో పది వరకు ఆల్బినోలు రావచ్చు. లెక్క ప్రతి కాన్పులోనూ సరిగ్గా సరిపోదు, బొమ్మాబొరుసు లాంటిదే.

ఇక అసలు ఇబ్బంది. ఒకసారి జతకట్టిన ఆడ గప్పీ వీర్యకణాలను నెలల తరబడి ఒంట్లో దాచుకుంటుంది. మళ్ళీ మగతోడు లేకుండానే నెలకోసారి పిల్లలు పెడుతుంది. దుకాణం తొట్టిలో పెరిగిన ఆడచేప, మీరు కొన్న మగచేపను చూడకముందే ఎవరి పిల్లలనో మోస్తూ ఉంటుంది. కాబట్టి అడగవలసింది మగచేప తోడు ఎరుగని, అదే వంశపు ఆడచేపను. ఇంట్లో పుట్టినవాటిని మూడు నాలుగు వారాలకే విడదీయాలి. ఆడపిల్లలకు పొట్ట వెనక నల్లని గర్భమచ్చ కనిపిస్తుంది, మగపిల్లలకు పొట్ట కింది రెక్క సన్నటి పుల్లలా మారుతుంది. ఉపాధి కోసం ఎవరికైనా తొట్లు కొనివ్వదలచిన దాతలకు మా సలహా ఒక్కటే: ఖరీదైన మగచేపల మీద పెట్టే డబ్బులో సగం ఇలాంటి ఆడచేపల మీద, విడిగా పెంచే తొట్ల మీద పెట్టండి. తొట్టికో కాగితం అంటించి తల్లి, తండ్రి, పుట్టిన తేదీ రాయించండి.

నీటి గురించి బెంగ అక్కర్లేదు. కాస్త కఠినమైన బోరు నీరే గప్పీకి ఒంటికి పడుతుంది. కుళాయి నీరైతే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు నిలవ ఉంచాలి. మేతకు మాత్రం వెనకాడకూడదు. నారింజ, ఎరుపు రంగుల్లో కొంత భాగం తిండిలోని కెరోటినాయిడ్ల నుంచే వస్తుంది, మంచి జన్యువున్నా తిండి చాలకపోతే చేప వెలవెలబోతుంది. కోస్తా రొయ్యల హేచరీల వారికి పరిచయమైన ఆర్టీమియా పిల్లలకు మంచి మేత.

అన్నాచెల్లెళ్ళనే తరతరాలుగా కలుపుతూ పోతే సైజు తగ్గుతుంది, పిల్లలు తక్కువవుతాయి, వెన్ను వంగుతుంది. ఒకే వంశాన్ని మొదటి నుంచీ రెండు తొట్లలో వేర్వేరుగా పెంచి, కొన్ని తరాలకోసారి వాటిని కలపడం మేలు.

ఏరివేతలో మిగిలిన చేపలను చెరువులో వదలకండి. దోమల నివారణకు గప్పీలను నీటిలో వదలడం చూసి తప్పేముందనుకుంటారు గానీ, ఇది మన నీటి చేప కాదు. ఇక్కడి చిన్న చేపల తిండికి పోటీ వస్తుంది. మిద్దె మీద ఒక సిమెంటు తొట్టి ఉంటే చాలు, అక్కడే అవి దోమ పిల్లలను తింటూ హాయిగా బతుకుతాయి.