ఎర్ర దీపం వెలిగితే డేటా పోయినట్టేనా?

మా పెళ్లిళ్ల ఫొటో స్టూడియోకి నాలుగు డిస్కులు పట్టే నాస్ బాక్సు కొన్నాం. ఒక్కొక్కటి 4 టెరాబైట్లు, మొత్తం 16 రావాలి. కంప్యూటర్‌లో చూస్తే 10.9 ఉంది. షాపతను పాత డిస్కులు అంటగట్టాడా? – ఫొటోగ్రాఫర్, తెనాలి

లేదండీ, మీరు మోసపోలేదు. మీరు చెప్పిన అంకెను బట్టి ఆ బాక్సు రెయిడ్ 5 పద్ధతిలో ఉంది. అంటే ఒక డిస్కుకి సరిపడా చోటు భద్రతకు పోయి, మీకు 12 మిగిలింది. ఆ 12 మళ్లీ 10.9 అవడం కేవలం లెక్కలో తేడా: తయారీదారులకు టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లు, విండోస్‌కి అంతకంటే దాదాపు పదో వంతు ఎక్కువ. అందుకే 4 టెరాబైట్ల డిస్కు ఒక్కటే పెట్టినా 3.63 అనే చూపిస్తుంది. నిజానికి మీకు 14.5 కనబడి ఉంటే నేను కంగారుపడేవాణ్ణి. అది రెయిడ్ 0 అన్నమాట. అందులో ఒక్క డిస్కు పోయినా నాలుగింటిలోని ఫొటోలూ పోతాయి.

ఒక్క డిస్కంత చోటు మిగతా మూడింటినీ ఎలా కాపాడుతుంది? నాకు నమ్మకం కుదరడం లేదు. – రిటైర్డ్ ఉద్యోగి, కాకినాడ

అనుమానం రావడం న్యాయమే. మూడు చీటీల మీద 5, 7, 4 అని రాసి, నాలుగో చీటీ మీద మొత్తం 16 వేశారనుకోండి. 7 ఉన్న చీటీ చిరిగిపోయినా, 16లోంచి 5, 4 తీసేస్తే అది తిరిగి దొరుకుతుంది. రెయిడ్ 5లో పారిటీ అనే లెక్క చేసేది ఇదే పని. కాకపోతే ఆ మొత్తాన్ని ఒకే డిస్కు మీద ఉంచకుండా అన్నిటి మీదా పంచి రాస్తుంది. రెండు చీటీలు ఒకేసారి పోతే మాత్రం ఈ లెక్క తెగదు. అందుకే రెయిడ్ 6లో మరో రకం లెక్క కూడా రాసి పెడతారు; దానికి రెండు డిస్కుల చోటు ఖర్చు. ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ప్రయోగం కాదు. బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు 1988లోనే ఈ పద్ధతులకు రెయిడ్ అని పేరుపెట్టి, వరసగా వివరించారు.

మా నర్సింగ్ హోమ్ సర్వర్‌లో ఒక డిస్కు దగ్గర ఎర్ర దీపం వెలిగింది. ‘డిగ్రేడెడ్’ అని వస్తోంది. రోగుల ఎక్స్‌రేలన్నీ అందులోనే ఉన్నాయి. నిద్ర పట్టడం లేదు. – మేనేజర్, కరీంనగర్

ఎక్స్‌రేలు తెరుచుకుంటున్నాయంటే మీ డేటా క్షేమంగానే ఉంది. డిగ్రేడెడ్ అంటే పోయిందని కాదు, అదనపు రక్షణ అయిపోయిందని. ముందు ముఖ్యమైనవి వేరే చోటికి కాపీ చేయించండి. తర్వాత స్లాట్ నంబరు రెండుసార్లు సరిచూసుకుని, అంతే సైజుదో అంతకు పెద్దదో కొత్త డిస్కు వేయించండి. హడావిడిలో బాగున్న డిస్కును లాగేయడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు! కొత్త డిస్కు నిండేదాకా సర్వర్ నెమ్మదిగా నడవడం మామూలే. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాసినా 4 టెరాబైట్లకు ఏడు గంటలు దాటుతుంది, పని నడుస్తుంటే రోజు పైనే పట్టొచ్చు. ఈలోగా రెండో డిస్కు మీద కూడా హెచ్చరిక వస్తే ఇంకేమీ నొక్కకుండా నిపుణుణ్ణి పిలవండి.

మా కాలేజీ సర్వర్‌లో ఐదు వర్చువల్ మెషిన్లకు తలా 2 టెరాబైట్ల డిస్కు ఇచ్చాను. తీరా చూస్తే అసలు ఉన్న చోటు 6 టెరాబైట్లే. తప్పు చేశానా? – ల్యాబ్ ఇన్‌ఛార్జి, వరంగల్

తప్పేమీ లేదు, దీన్ని థిన్ ప్రొవిజనింగ్ అంటారు. కావాలనే ఇలా చేసేవాళ్లు చాలామంది. వర్చువల్ డిస్కు మీద కనిపించే 2 అనేది గరిష్ఠ పరిమితి మాత్రమే, రాసినంత మేరకే అసలు చోటు ఖర్చవుతుంది. మీరు చూడాల్సింది ఆ మెషిన్లలోని అంకె కాదు, కింద ఉన్న అసలు పూల్ ఎంత నిండిందన్నది. అది 80 శాతం దాటితే కొత్త డిస్కులకు ఇండెంట్ పెట్టండి. పూర్తిగా నిండితే రాయడానికి చోటు లేక మెషిన్లు ఒకేసారి ఆగిపోవచ్చు. ఇంకో సంగతి: లోపల ఫైళ్లు చెరిపినంత మాత్రాన పూల్‌కి చోటు తిరిగి రాదు. ట్రిమ్ లాంటి సదుపాయం పనిచేస్తోందో లేదో చూసుకోండి.

మా అబ్బాయి పొరపాటున లెక్కల ఫోల్డర్ చెరిపేశాడు. మాది రెయిడ్ 1 కదా, రెండో డిస్కులో ఉంటుందా? – వ్యాపారి, నంద్యాల

ఉండదండీ, రెండో డిస్కులోనూ అదే క్షణంలో చెరిగిపోయింది. అయినా ఆశ వదులుకోకండి. ఆ బాక్సు మీద ఇక ఏమీ రాయకండి, ముందు దాని రీసైకిల్ బిన్, స్నాప్‌షాట్లు చూడండి. అక్కడా లేకపోతే ఆఫ్ చేసి డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి. అబ్బాయిని ఏమీ అనకండి. రెయిడ్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదని మీకు చెప్పినవాళ్లను అడగండి.

రెయిడ్ కార్డు పాడై కొత్తది వేశాం. డిస్కులు ‘ఫారిన్’ అని చూపిస్తూ ఇంపోర్టా, క్లియరా అని అడుగుతోంది. చెయ్యి వణుకుతోంది. – సిస్టమ్ అడ్మిన్, విజయవాడ

నొక్కకుండా ఆగారు, మంచి పని చేశారు. ఆ డిస్కుల మీదున్న అమరిక ఈ కార్డుకు కొత్త, అందుకే ఫారిన్ అంటోంది. డేటా పాడైందని అర్థం కాదు. ముందు ప్రివ్యూలో పాత డిస్కులన్నీ కనిపిస్తున్నాయో లేదో చూసుకుని, ఉంటే ఇంపోర్ట్ చేయండి. ఒక్కటి తక్కువ కనిపించినా సర్వర్ ఆపి, కేబుళ్లు సరిగా కూర్చున్నాయేమో చూసి మళ్లీ ఆన్ చేయండి. క్లియర్, ఇనిషియలైజ్ అన్న రెండు బటన్ల జోలికి మాత్రం వెళ్లకండి.