నడుమునొప్పి ఉన్న స్త్రీలకు నడక



నడుమునొప్పి మూడు నెలలు దాటినా తగ్గకపోతే దానిని దీర్ఘకాలిక నొప్పి అంటాము. "సిస్టరమ్మా, నడిస్తే ఎముకలు అరిగిపోతాయని మంచం దిగడం లేదు" అని మన ఓ.పి.లో చాలామంది చెబుతారు. వారిని తప్పు పట్టలేము. బల్ల మీద పడుకోండి, కదలవద్దు అని ఒకప్పుడు మేమూ చెప్పినవాళ్ళమే. ఆ సలహా సరికాదు. కొత్తగా నొప్పి వచ్చినవారిని ఫిన్లాండులో పరిశీలించి 1995లో ప్రకటించిన ఫలితాలలో, రెండు రోజులు మంచం మీద ఉన్నవారికంటే ఓర్చుకోగలిగినంత వరకు తమ పనులు చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారు.

నొప్పికి భయపడి కదలడం మానేస్తే గుండె, ఊపిరితిత్తుల శక్తి తగ్గుతుంది. కండరాలు త్వరగా అలసిపోతాయి. బిందెడు నీళ్ళు తెచ్చినా ఆయాసం, మళ్ళీ మంచం. ఈ చుట్టు తెగాలంటే ఊపిరి కొంచెం వేగం పుంజుకునే వ్యాయామం కావాలి. దీనినే ఏరోబిక్ వ్యాయామం అంటారు. ఖర్చు లేనిది నడక.

"ఇంటిపని చేస్తూనే ఉన్నాం కదా" అంటారు. ఇంటిపనిలో వంగడం, ఒకేచోట నిలబడడం ఎక్కువ, ఆపకుండా పది నిమిషాలు నడవడం తక్కువ. భర్తలకు ఒక మాట: ఆ కాసేపు పొయ్యి దగ్గర మీరు ఉండండి.

మొదట రోజుకు 5 నిమిషాలు చాలు. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుతూ, వారంలో 5 రోజులు 30 నిమిషాల వరకు రావాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, కీర్తన మాత్రం పాడలేకపోవాలి. అదే తగిన వేగం. నడిచేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే నడుము పాడవుతున్నదని కాదు. మరునాటికీ నొప్పి ఎక్కువగానే ఉంటే నిమిషాలు తగ్గించండి, మానవద్దు. గుండెజబ్బు, బి.పి., షుగరు ఉన్నవారు ముందుగా డాక్టరుగారికి చూపించుకోవాలి.

నొప్పి తగ్గినవారూ నడక విడువకూడదు. ఆస్ట్రేలియాలో అలాంటి 701 మందిపై జరిపిన పరిశోధన 2024లో వచ్చింది. వారిలో ఎక్కువమంది స్త్రీలే. ఫిజియోథెరపిస్టు సలహాతో నడిచినవారిలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, మిగతావారిలో 112 రోజులే. నడుము బెల్టును మామూలుగా వాడవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది.

అయితే కాళ్ళలో బలం తగ్గినా, మర్మస్థానం దగ్గర తిమ్మిరి ఉన్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా నడక మాట పక్కన పెట్టి, రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి రండి. నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గడం ఉన్నవారు, పడిపోయిన తరువాత నొప్పి మొదలైన పెద్దవారు ఆలస్యం చేయక చూపించుకోవాలి.